చెప్పి వదలండి

నాకు షేర్ ఆటో పడదు. కొందరికి వంకాయ పడదు చూడండి, అలాంటి పడకపోవడం కాదిది. ఆటో దిగేసరికి నాలో సగం మనిషి కూడా మిగలదు. మా ఊరు నరసరావుపేట నుంచి నకరికల్లు పోయే దారిలో ఉంది. తెల్లవారుజామున బస్సు ఉండదు, ఉన్నవి ఆటోలే. ముగ్గురి సీట్లో ఐదుగురు, డ్రైవరుకు అటొకరు ఇటొకరు, కాళ్ళ దగ్గర ఎవరిదో మిరపకాయల బస్తా. ఒకరి మోచెయ్యి నా డొక్కలో ఉంటుంది, ఇంకొకరి తలనూనె నా ముక్కులో ఉంటుంది. డ్రైవరు పెట్టిన పాట నాకు చెవుల్లో కాదు, పళ్ళలో వినిపిస్తుంది. పక్కనున్న పెద్దమ్మ "ఏమ్మా, పెళ్ళెప్పుడు" అని అడుగుతుంది. ఇవన్నీ ఒకేసారి జరుగుతాయి. మిగతావాళ్ళు ఇందులోనే కునుకు కూడా తీస్తారు. వాళ్ళకు నా దండం.

పేటలో, అంటే నరసరావుపేటలో, ఒక ల్యాబ్‌లో నేను రక్తం తీస్తాను. ఆ పనంటే నాకు ప్రాణం. మనిషి వస్తాడు, కూర్చుంటాడు, చెయ్యి చాపుతాడు. నేను నరం వెతికి పట్టుకుంటాను, రక్తం తీస్తాను, దూది నొక్కి పట్టుకోమంటాను. లేచి వెళ్ళిపోతాడు. ఇంతకంటే మర్యాదైన పరిచయం మనుషుల మధ్య ఇంకోటి ఉందని నేననుకోను. పసిపిల్లలకైనా, ఎండిపోయిన చేతుల ముసలివాళ్ళకైనా ఒక్క పోటుతో తీస్తానని ల్యాబ్ నడిపే డాక్టరు గారే ఒప్పుకుంటారు.

నాకు ఆటిజం ఉందని రెండేళ్ళ కిందట గుంటూరులో ఒక డాక్టరమ్మ చెప్పింది. అప్పటికి నాకు ముప్పై నాలుగు. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

"ఆ డాక్టరమ్మకేం తెలుసే? నువ్వు పుట్టినకాడ నించీ ఇంతేగా" అంది.

పుట్టినప్పటి నుంచీ ఉంటేనే దాన్ని ఆటిజం అంటారని చెప్పాను. అమ్మ కాసేపు ఆలోచించింది.

"అయితే ఆ ముక్క నేనే చెప్పేదాన్నిగా. ఫీజు దండగ."

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అమ్మ నన్ను చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. ఇప్పుడా ఉలిపికట్టెకు డాక్టరు కాగితం కూడా వచ్చింది. నాకు మాత్రం ఆ రోజు చాలా హాయిగా అనిపించింది. అన్నేళ్ళూ నేను పెంకిదాన్నో, పొగరుబోతునో అనుకున్నవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

సరే, ఆటో సంగతికి వస్తాను. ల్యాబ్‌కు పరగడుపున వచ్చేవాళ్ళంతా తెల్లారకముందే వచ్చి మెట్ల మీద కూర్చుంటారు. నేనేమో మా ఊరి సెంటర్‌లో నిలబడి, కాస్త ఖాళీగా ఉన్న ఆటో వస్తుందేమోనని వచ్చినవాటినల్లా వదిలేస్తూ ఉంటాను. ఈ లోకంలో ఖాళీ ఆటో అనేది ఎక్కడుంది? నేను చేరేసరికి ఆకలితో ఉన్న సుగరు పేషెంట్లు డాక్టరు గారి మీద పడుతుండేవాళ్ళు. ఆయన మంచివాడు, చాలా రోజులు ఓర్చుకున్నాడు. ఒకరోజు పిలిచి మెత్తగానే చెప్పాడు.

"అమ్మా, పొద్దున్నే రాగలిగే మనిషిని చూసుకుంటాను. నువ్వు తీరిగ్గా వచ్చి కౌంటర్‌లో కూర్చో."

కౌంటర్ అంటే రెండు ఫోన్లు, ఏడ్చే పిల్లలు, "మా రిపోర్టు ఏదీ" అని అద్దం మీద గాజులతో కొట్టేవాళ్ళు. పెనం మీంచి పొయ్యిలో పడటమంటే అదే. రెండు నెలలు గడువివ్వండి, బండి నేర్చుకుని వస్తానన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందని నాకు ఆయన సరేనన్న తర్వాత గాని అర్థం కాలేదు. ఎందుకంటే అప్పటికి నాకు సైకిల్ కూడా రాదు.

రాకపోవడానికి ఒక కథ ఉంది. చిన్నప్పుడు మా పెదనాన్న కొడుకు నాకు కాలవ గట్టు మీద సైకిల్ నేర్పాడు. వెనక సీటు పట్టుకుని పరిగెత్తుతూ "పట్టుకునే ఉన్నా, తొక్కు" అన్నాడు. నేను తొక్కాను. "పట్టుకున్నావా అన్నా?" అని అడిగితే "ఆఁ, పట్టుకున్నా" అని గొంతు ఎక్కడో దూరం నుంచి వినిపించింది. ఆ దూరం అర్థమయ్యేసరికి నేను సైకిల్‌తో సహా కాలవలో ఉన్నాను. ఆ కథ చెప్పుకుని మా చుట్టాలు పెళ్ళిళ్ళలో ఇప్పటికీ నవ్వుతారు. ఊళ్ళో అందరూ ఆ అబద్ధం మీదే సైకిల్ నేర్చుకున్నారట. నేను మాత్రం మళ్ళీ సైకిల్ ముట్టుకోలేదు.

పేటలో ఆడవాళ్ళకు బండి నేర్పే మేడం ఒకామె ఉంది. వయసులో కబడ్డీ ఆడింది, తర్వాత ఒక స్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పింది, అదీ మానేశాక ఒక కాలేజీ గ్రౌండ్‌లో సాయంత్రాలు ఇది మొదలుపెట్టింది. చీర కింద స్పోర్ట్స్ షూ, మెడలో విజిల్. ముందు సైకిల్ మీద బ్యాలెన్సు రావాలి, ఆ తర్వాతే స్కూటీ అని ఆమె పద్ధతి. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇవాళ పేటలో ప్రతి సందులోనూ హారన్ కొట్టుకుంటూ తిరుగుతున్నారు.

నేను మొదటి రోజే అంతా చెప్పేశాను. నాకు ఆటిజం ఉంది, పెద్ద చప్పుళ్ళు పడవు, చెప్పకుండా ముట్టుకుంటే పడదు, చెప్పేదేదో సూటిగా చెప్పాలి అని. మేడం శ్రద్ధగా విన్నది. విని, నా పక్కన నిలబడ్డ మా అమ్మ వైపు తిరిగింది.

"అమ్మాయికి మాట వినపడిద్దా అండీ?"

"వినపడకేం, దానికి వినపడేదే ఎక్కువ" అంది అమ్మ.

అప్పుడు మేడం నా వైపు తిరిగి, సీటు మీద చెయ్యి వేసి, గొంతు పెంచి, ఒక్కొక్క అక్షరమే పలుకుతూ చెప్పింది. "చూడమ్మా. ఇది. సైకిల్."

"అది సైకిలని నాకు తెలుసు మేడం. నాకు తొక్కడమే తెలీదు."

మొదటి రోజులన్నీ అలాగే గడిచాయి. పెడల్ మీద కాలు పెడితే చప్పట్లు కొట్టి "వెరీ గుడ్" అనేది. కాలు తీసినా "వెరీ గుడ్" అనేది. నా పక్కనే ఒక బ్యాంకు ఉద్యోగిని నేర్చుకుంటూ ఉండేది. ఆమెను మాత్రం "ఏందమ్మా ఆ చూపులు, చక్రం కిందకి చూస్తే గుంటలో పడతావ్, మొద్దూ" అని హాయిగా తిట్టేది. రెండు రోజులు చూసి, మూడో రోజు అడిగాను.

"మేడం, నన్ను కూడా ఆవిడని తిట్టినట్టే తిట్టండి."

ఆమె నోరు తెరిచి చూసింది. "తిట్టమంటావా? నిన్నా?"

"నాకు ముప్పై ఆరేళ్ళు. పొద్దున లేస్తే అందరి రక్తం తీస్తాను. కాలు పెట్టినందుకు చప్పట్లు కొడితే సిగ్గుగా ఉంది."

మేడం పకపకా నవ్వింది. ఆ సాయంత్రమే "ఏమే, హ్యాండిల్ అంత గట్టిగా పట్టుకుంటే అదేమన్నా పారిపోయిద్దా" అని తిట్టింది. ఆ తిట్టు వినగానే భుజాల మీంచి బరువు దిగింది. అప్పటికి గాని నేను ఆమె దగ్గర శిష్యురాలిని కాలేదు.

విజిల్ గురించి కూడా చెప్పాను. "ఇది లేకుండా నేను స్నానానికి తప్ప ఎక్కడికీ పోనే" అంది. అయినా నేను గ్రౌండ్‌లో ఉన్నంతసేపూ దాన్ని బొడ్లో దోపుకుని, ఆగమనడానికి చెయ్యి పైకెత్తేది. ఇంకోసారి "నేను చెప్పేటప్పుడు నా మొహం చూడు" అంది. మొహం చూస్తే మొహమే కనిపిస్తుంది గానీ మాట వినిపించదని చెప్పాను. కనుబొమలు ఎందుకు లేచాయి, పెదవి ఎందుకు వంకరపోయింది అని ఆ లెక్కలోనే పడిపోతాను. చక్రం చూస్తూ ఉంటే మాట చక్కగా వినిపిస్తుంది. ఆమె నమ్మలేదు. పెద్ద ఉపన్యాసం ఒకటి చెప్పి, తిరిగి అప్పజెప్పమంది. నేను చక్రాన్ని చూస్తూ మధ్యలో ఆమె దగ్గిన దగ్గుతో సహా అప్పజెప్పాను. "సరే తల్లీ, ఆ చక్రాన్నే చూసుకో" అంది.

అన్నిటికంటే ఎక్కువ నాకు ఒళ్ళు మండింది ఫోన్ల గురించి. నేను ఇంటికి చేరేలోపే మేడం మా అమ్మకు ఫోన్ చేసి ఆ రోజు నేనెలా చేశానో చెప్పేది. నేర్చుకునేది నేను, డబ్బు కట్టేది నేను, మోకాళ్ళు గీరుకునేది నేను. రిపోర్టు మాత్రం మా అమ్మకా? మా ల్యాబ్‌లో ఎవరి రక్తమైతే రిపోర్టు వాళ్ళకే ఇస్తామని చెప్పాను. మేడం కాస్త ముఖం ముడుచుకుంది, కానీ ఫోన్లు ఆపేసింది. ఆపేసినందుకు మా అమ్మ నా మీద అలిగింది, అది వేరే సంగతి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మేడం మంచితనమేమిటంటే, అడిగినవన్నీ పెట్టింది. నేను అడగనిది ఒక్కటే. దాన్ని అడగాలని నాకు తట్టలేదు, ఎందుకంటే మొదటి రోజే ఆమె నోటితో ఆమే అన్నది, "నేను పట్టుకునే ఉంటా, భయపడకు" అని. చిన్నపిల్లకు చెప్పే మాట వేరు, పెద్దవాళ్ళ మధ్య మాట వేరు అనుకున్నాను.

ఒక సాయంత్రం నేను గ్రౌండ్‌లో తొక్కుతున్నాను. వెనక మేడం షూల చప్పుడు, సీటు మీద ఆమె చెయ్యి. "పట్టుకున్నారా మేడం?" అన్నాను. "పట్టుకునే ఉన్నానే, ముందుకు చూడు" అంది. గోల్‌పోస్టు దాటాను. ఆ చివర మలుపు కూడా తిరిగాను. తిరిగేసరికి ఎదురుగా, గ్రౌండ్‌కు ఆ కొసన, నడుం మీద చేతులు పెట్టుకుని మేడం నిలబడి ఉంది. బ్యాంకు ఆవిడ చప్పట్లు కొడుతోంది. మేడం బొడ్లోంచి విజిల్ తీసి సంతోషం పట్టలేక ఊదేసింది.

నేను పడలేదు. మెల్లగా బ్రేకు వేసి దిగాను, సైకిల్‌ను గోడకు ఆనించాను, సంచి తీసుకుని గేటు వైపు నడిచాను.

మేడం పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఏమే, వచ్చేసింది గదే నీకు. ఇంకేంది?"

ఆమెతో మాట్లాడాలని ఉంది. కానీ అలాంటప్పుడు నాకు మాట రాదు. గొంతు దగ్గర షట్టరు దించినట్టు ఉంటుంది. ఆటో ఎక్కి ఇంటికి పోయి, అన్నం తినకుండా దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

మర్నాడు మాట వచ్చాక అమ్మకు చెప్పాను. అమ్మకు అర్థం కాలేదు. "అందరికీ అట్టాగే నేర్పుతారే. వచ్చిందా లేదా?" వచ్చింది. వచ్చిందని నాకూ తెలుసు. కానీ రేపు ఇదే మేడం నన్ను స్కూటీ మీద హైవేకి తీసుకెళ్తుంది. వెనక లారీ రావడం లేదు, తిప్పు అంటుంది. నేను తిప్పాలి. ఆ మాట నిజమో, నాకు ధైర్యం రావడానికి చెప్పిందో ఎలా తెలుస్తుంది? మిగతావాళ్ళు గొంతును బట్టి పోల్చుకుంటారట. నాకు మాట ఒక్కటే ఉంది. అది కూడా పోతే నేను దేన్ని పట్టుకుని బండి నడపాలి?

మేడం ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ ఆటోలు, మళ్ళీ ఆలస్యాలు. డాక్టరు గారు ఒక కొత్త అమ్మాయిని పిలిపించి నా కుర్చీలో కూర్చోబెట్టి ఒకరోజు పని చేయించి చూశారు. ఆ పిల్ల సూది పట్టుకున్న తీరు చూసి నాకు ఏడుపొచ్చింది.

అలాంటి రోజుల్లోనే ఒక పొద్దున మెట్ల మీద పేషెంట్ల మధ్య స్పోర్ట్స్ షూ కనిపించాయి. మేడంకు ఎవరో డాక్టరు సుగరు పరీక్ష రాశాడు. ఆమె వంతు వచ్చింది. కుర్చీలో కూర్చుంది, చెయ్యి మాత్రం చాపలేదు. పమిట కింద దాచుకుంది. నుదుటి మీద చెమట.

"ఏమే, నువ్వేనా తీసేది" అంది.

"నేనే మేడం. చెయ్యి ఇవ్వండి."

"కబడ్డీలో మోకాలు చిప్ప పక్కకు పోయినా ఏడవలేదే నేను. ఈ సూదంటేనే..."

చెయ్యి ఇచ్చింది. నేను ఎవరికైనా చేసేదే చేశాను. ప్రతిదీ ముందే చెప్పడం నా అలవాటు. "మేడం, ఇప్పుడు రబ్బరు పట్టీ కడుతున్నాను. ఇప్పుడు దూదితో తుడుస్తున్నాను. చల్లగా ఉంటుంది. ఇప్పుడు సూది..."

చెయ్యి చటుక్కున లాగేసుకుంది. "చెప్పొద్దే తల్లీ! నువ్వు చెప్తంటేనే ప్రాణం పోతంది. చెప్పకుండా గుచ్చెయ్. ఏదో ఒకటి మాట్లాడించి, నాకు తెలీకుండా గుచ్చెయ్."

"అది మోసం గదా మేడం."

"నాకా మోసమే కావాలే."

నేను సూది పట్టుకుని అలాగే ఉండిపోయాను. చెప్పి గుచ్చడమే మర్యాద అని ఇన్నేళ్ళూ నేను ఒక్క పేషెంటును కూడా అడగకుండా నిర్ణయించేసుకున్నాను. ఎందుకంటే నన్నెవరైనా గుచ్చితే నాకలా కావాలి. "ఇప్పుడు గుచ్చుతున్నా" అనగానే కళ్ళు తేలేసినవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళు పిరికివాళ్ళనుకున్నాను. ఈమె కూడా ఇన్నేళ్ళూ తనకేది ధైర్యమో అదే అందరికీ పంచిపెట్టింది. ఇద్దరమూ ఒకే తప్పు చెరో పక్క నుంచి చేస్తూ వచ్చాం. నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే మేడం భయంగా చూసింది.

"మేడం, ఆ రోజు మీరు సైకిల్ వదిలేశారు. పట్టుకున్నానని చెప్పి వదిలేశారు."

"అందుకా నువ్వు పోయింది?" ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "నీకు సైకిల్ రావాలనే గదే వదిలింది. చెప్తే భయపడి పడిపోతావని."

"మీకు చెప్తే భయం. నాకు చెప్పకపోతే భయం."

ఆమె నన్ను, నా చేతిలో సూదిని మార్చి మార్చి చూసింది.

"మీకు నేను చెప్పకుండా గుచ్చుతాను" అన్నాను. "నాకు మీరు చెప్పి వదలండి."

"చెప్పి వదిలితే పడతావే. ఇన్నేళ్ళ నించీ చూస్తన్నా."

"పడతాను."

"దెబ్బలు తగులుతయ్."

"తగలనీయండి. చెప్పి పడేస్తే లేచి మళ్ళీ వస్తాను. చెప్పకుండా నిలబెట్టినా రాలేకపోయాను గదా."

వెనక క్యూలో ఎవరో "అమ్మా, మాకు ఆకలేస్తంది" అన్నారు. మేడం తల ఊపి, కళ్ళు మూసుకుని, చెయ్యి నా ముందు పెట్టింది. ఇక ఏదో ఒకటి మాట్లాడించాలి. నాకు పిచ్చాపాటీ చేతకాదు. "ఆ విజిల్ ఎవరిచ్చారు మేడం?" అని అడిగాను. ఆమె కళ్ళు తెరవకుండానే మొదలుపెట్టింది. చిన్నప్పుడు కబడ్డీ నేర్పిన సారు మాచర్లలో ఒక పోటీ గెలిచినప్పుడు తన మెడలోది తీసి ఇచ్చాడట. ఆ విజిల్ మింగేసిందనుకుని వాళ్ళ అమ్మ ఒకసారి ఆస్పత్రికి కూడా ఎత్తుకుపోయిందట. కథంతా చెప్పి, ఒక కన్ను తెరిచింది.

"ఎప్పుడు గుచ్చుతావే?"

"అయిపోయింది. దూది నొక్కి పట్టుకోండి."

తన రక్తం ఉన్న గొట్టాన్ని చూసి, "దొంగదానా" అంది. ఆ సాయంత్రం గ్రౌండ్‌కు వెళ్ళాను.

మాట ఇవ్వడం తేలికే గాని, ఆమెకు నిలబెట్టుకోవడం చాలా కష్టమైంది. ఇన్నేళ్ళ అలవాటు నాలుక మీద ఉంది. నేను "పట్టుకున్నారా?" అనగానే "ఆఁ" అనేసి, వెంటనే నాలుక కరుచుకుని "లేదే, లేదే, వదులుతున్నా, ఇదిగో, వదిలేశా!" అని గ్రౌండంతా దద్దరిల్లేలా అరిచేది. ఆ "వదిలేశా" వినగానే నేను పడిపోయాను. మోచెయ్యి చెక్కుకుపోయింది. మేడం వగర్చుకుంటూ వచ్చి, "చూశావా, చెప్తే పడతావని చెప్పలా?" అంది. కానీ ముఖం పాలిపోయింది.

"పడ్డాను. ఎక్కుతున్నాను, పట్టుకోండి" అన్నాను.

ఆ వారంలో నేను పడినన్నిసార్లు ఆ గ్రౌండ్‌లో ఎవరూ పడి ఉండరు. మిగతావాళ్ళు ఒక్క అబద్ధంతో దాటేసిన చోటు నేను నా మోకాళ్ళతో దాటాను. మేడం మధ్యలో ఒకసారి బతిమాలింది కూడా. "ఒక్కసారి నీకు తెలీకుండా వదలనీయవే." వద్దన్నాను. చివరికి ఒకరోజు "వదిలేశా" అన్న తర్వాత కూడా సైకిల్ అలాగే పోతూ ఉంది. ఈసారి ఆమె విజిల్ ఊదలేదు. రెండు చేతులూ పైకెత్తి ఊపింది.

కొత్తగా కొన్న నా స్కూటీ దగ్గర ఇంకో పేచీ వచ్చింది. "రేజ్ కొంచెం ఇవ్వు" అనేది. కొంచెం అంటే ఎంత అన్నాను. "కొంచెం అంటే కొంచెమే. కూరలో ఉప్పు వేసేటప్పుడు కొలుస్తావా?" అంది. కొలుస్తానని చెప్పాను. మేడం తల పట్టుకుంది. మర్నాడు వాళ్ళ కోడలి గోళ్ళరంగు సీసా తెచ్చింది. హ్యాండిల్ తిరిగేచోట ఒక ఎర్రచుక్క, తిరగని చోట రెండు ఎర్రచుక్కలు పెట్టింది. "ఈ చుక్క ఈ చుక్కకు వస్తే కొంచెం. ఆ చుక్కకు వస్తే ఇంకొంచెం. దాన్ని దాటితే తంతా." ఆ తర్వాత నాకు రేజ్ ఇవ్వడంలో ఒక్క ఇబ్బంది రాలేదు. తర్వాత చూస్తే బ్యాంకు ఆవిడ బండికి కూడా చుక్కలున్నాయి. హెల్మెట్ పెట్టుకున్నాక ఇంకో హాయి తెలిసింది. లోకం చప్పుడంతా పక్కగదిలోకి జరిగినట్టుంది. ఇంత మంచి వస్తువును జనం పోలీసులకు భయపడి పెట్టుకుంటారెందుకో నాకు అర్థం కాదు.

లైసెన్సు వచ్చింది. గడువు దగ్గర పడింది. మిగిలిందల్లా మా ఊరి నుంచి పేట దాకా, తెల్లవారుజామున, హైవే మీద. అదే అసలు పని. అది చెయ్యలేకపోతే మిగతావన్నీ గ్రౌండ్‌లో ఆటలే. మేడం తన బండి మీద మా ఊరు వచ్చేది. కొన్నాళ్ళు నా వెనకాలే పేట దాకా వచ్చింది. తర్వాత ఒకరోజు ఆమే అడిగింది.

"ఏమే, రేపు సగం దాకే వస్తా. ఎట్టా చెప్పమంటావు? బండి మీద అరిస్తే నీకు వినపడదు."

ఇద్దరం ఆలోచించాం. దారిలో మిరపకాయలు నిలవ చేసే కోల్డ్ స్టోరేజి ఒకటి ఉంది. అది దాటాక ఆమె వెనక్కి తిరుగుతుంది, తిరిగే ముందు రెండుసార్లు హారన్ కొడుతుంది. ఒకటి కొడితే ఏ లారీకో కొట్టినట్టు. రెండు కొడితే నేనిక లేనని.

ఆ పొద్దున మంచు దట్టంగా ఉంది. అమ్మ వాకిట్లో నిలబడి ఏదో గొణుక్కుంటూ దండం పెట్టింది. అద్దంలో మేడం బండి లైటు ఒక పచ్చటి మచ్చలా నా వెనకే వస్తోంది. మా సెంటర్‌లో అప్పుడే నిండుతున్న ఆటో ఒకటి కనిపించింది. పాట వినిపించింది, దాటిపోయింది. ఒక లారీ నన్ను దాటి వెళ్ళినప్పుడు ఒళ్ళంతా బిగుసుకుంది. ఎర్రచుక్కల వైపు చూశాను. ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. కోల్డ్ స్టోరేజి గోడ మంచులోంచి వచ్చింది, వెనక్కి పోయింది.

హారన్ మోగింది. ఇంకోసారి మోగింది.

నాకు హారన్‌లంటే పడదు. ఆ రెండూ మాత్రం చెవుల్లో ఎక్కడా గుచ్చుకోలేదు. అద్దంలో పచ్చటి మచ్చ లేదు. వెనక ఎవరూ లేరని నాకు తెలుసు. ఊహ కాదు, అనుమానం కాదు, తెలుసు. భయమేసింది, నిజమే. కానీ ఎంత భయపడాలో అంతే భయం, అంతకంటే ఒక్క పిసరు ఎక్కువ లేదు. నేను పేట చేరేసరికి ల్యాబ్ మెట్ల మీద ఇంకా ఎవరూ రాలేదు. డాక్టరు గారే నా తర్వాత వచ్చారు. నా హెల్మెట్ వైపు చూసి, తాళాలు నా చేతికిచ్చారు. ఆ రోజు నుంచి ప్రతి పేషెంటునూ ముందు అడుగుతున్నాను, చెప్పి గుచ్చమంటారా, చెప్పకుండానా అని. సగానికి సగం మంది చెప్పకుండానే అంటారు.

ఆ పొద్దున జనం పలచబడ్డాక మేడంకు ఫోన్ చేసి, చేరానని చెప్పాను. అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"మంచు చానా ఉంది గదే" అంది. "ఇంకొంచెం దూరం నీ వెనకాలే వద్దామని ప్రాణం కొట్టుకుంది. నీకేం తెలిసిద్ది, లైటు ఆపుకుని వచ్చేదాన్ని."

"మరి వచ్చారా మేడం?"

"హారన్ కొట్టేశా గదే. కొట్టాక ఎట్టా వస్తా?"